అగ్నిదేవత ఇంటి గుమ్మంలో...

నిప్పు కనిపిస్తే ఎవరైనా దూరంగా పరిగెడతారు. అక్కడ మాత్రం జనం నిప్పు దగ్గరికే పరిగెత్తుకొస్తారు. అర్ధరాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేస్తారు. పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని, టార్చిలైట్లు పట్టుకుని, చలిలో వణుకుతూ ఓ గట్టుమీద బారులు తీరతారు. ఎదురుగా పెద్ద అగాధం. అందులోంచి వందల అడుగుల ఎత్తుకి ఎగజిమ్మే ఎర్రటి లావా. దాన్ని చూశాక చాలాసేపు ఎవరికీ మాట రాదు.

పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన ఉన్న హవాయి వాల్కనోస్ నేషనల్ పార్కు కథ ఇది. ప్రపంచంలో ఎక్కువసార్లు బద్దలయ్యే అగ్నిపర్వతాల్లో ఒకటైన కిలౌయా, భూమ్మీద అతి పెద్ద సజీవ అగ్నిపర్వతం మౌనా లోవా... రెండూ ఈ పార్కులోనే ఉన్నాయి. సుమారు 1350 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని అమెరికా ప్రభుత్వం 1916లో జాతీయ పార్కుగా ప్రకటించింది. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

హవాయి వాసులకు మాత్రం ఇది పార్కు కాదు, ఇల్లు. అదీ తమది కాదు, పెలే అమ్మవారిది.

చలి... ఆవిరి... గంధకం

హవాయి అనగానే బీచీలూ కొబ్బరిచెట్లూ గుర్తొస్తాయి. ఆ ఊహతో పల్చటి టీషర్టు వేసుకుని ఇక్కడికి వచ్చినవాళ్లు చలికి వణికిపోతారు. బిగ్ ఐలాండ్‌లోని హిలో పట్టణం నుంచి పార్కుకి 48 కిలోమీటర్లు. కారు ఎక్కినప్పుడు చెమటలు పోస్తుంటాయి, దిగేసరికి చలి మొదలవుతుంది. ఎందుకంటే ఆ గంటలోపే సముద్రమట్టం నుంచి దాదాపు నాలుగు వేల అడుగుల ఎత్తుకి చేరుకుంటారు. అయినా కొండ ఎక్కుతున్నామని తెలియదు. ఇక్కడి అగ్నిపర్వతాలు బొమ్మల పుస్తకాల్లోలా సూదిగా ఉండవు. పల్చటి లావా పొరమీద పొర పరుచుకుంటూ వేల ఏళ్లు పెరగడం వల్ల బోర్లించిన పళ్లెంలా, ఏటవాలుగా ఉంటాయి. అగ్నిపర్వతం ఎక్కడా అని వెతుక్కునేవాళ్లు అప్పటికే దానిమీద నిలబడి ఉంటారు!

లోపలికి అడుగుపెట్టగానే పలకరించేది ఆవిరి. నేల చీలికల్లోంచి తెల్లగా పొగలు లేస్తుంటాయి. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు కొట్టే ఆవిరిలాంటిదే ఇదీ. వాననీరు నేలలోకి ఇంకి, లోపలి వేడిరాళ్లకు తగిలి ఆవిరై పైకొస్తుంది. కాస్త అవతల గంధకపు దిబ్బలు. అక్కడ రాళ్లమీద పసుపు చల్లినట్టు గంధకం పేరుకుని ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంటుంది.

ఇంకాస్త ముందుకెళ్తే కిలౌయా శిఖర బిలం. పొడవు అయిదు కిలోమీటర్లు, వెడల్పు మూడు కిలోమీటర్ల దాకా ఉండే గుంట అది. దాని ఒడిలోనే హలేమావుమావు అనే మరో గుంట ఉంది. స్థానికుల నమ్మకం ప్రకారం పెలే నివాసం అక్కడే. ఈ గట్టుమీదకు వచ్చిన హవాయి కుటుంబాల్లో కొందరు ముందు ఫొటో తీయరు. నిలబడి మంత్రం చదువుతారు. అనుమతి అడిగాకే కళ్లెత్తి చూస్తారు.

అ ఆ లు ఇక్కడా ఉన్నాయి!

భూమిలో పలకలు కలిసేచోటే ఎక్కువగా అగ్నిపర్వతాలు పుడతాయి. హవాయి దీవులు మాత్రం పసిఫిక్ పలక మధ్యలో ఉన్నాయి. మరి ఇక్కడికి నిప్పు ఎలా వచ్చింది? భూమి లోతుల్లోంచి వేడి పైకి తన్నుకొచ్చే చోటు ఒకటి ఈ దీవి కింద ఉందంటారు శాస్త్రవేత్తలు. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. పొయ్యి కదలదు, పైనున్న పెనం కదులుతుంది. పసిఫిక్ పలక ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున వాయవ్య దిశగా జరుగుతుంటే, పొయ్యి మీదకు వచ్చిన చోటల్లా ఓ దీవి పుట్టుకొచ్చింది. పొయ్యి దాటిపోయిన దీవి చల్లారిపోయింది. అలా వరసగా పుట్టినవే హవాయి దీవులు. వాటిలో అందరికన్నా చిన్నది బిగ్ ఐలాండ్. దానికీ ఓ చెల్లెలు పుట్టబోతోంది. ఆగ్నేయ తీరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, సముద్రం అడుగున కామఎహువాకనలోవా అనే అగ్నిపర్వతం మెల్లగా పెరుగుతోంది. దాని శిఖరం నీటిమట్టానికి ఇంకా దాదాపు కిలోమీటరు కిందే ఉంది.

మౌనా లోవా ఎత్తు సముద్రమట్టం నుంచి 4,169 మీటర్లు. సముద్రం అడుగు నుంచి కొలిస్తే తొమ్మిది కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఎవరెస్టు కన్నా ఎక్కువే.

లావాకి శాస్త్రవేత్తలు వాడే పేర్లు కూడా హవాయి భాషవే. మెత్తగా, తాళ్లు పేనినట్టు, నున్నగా గడ్డకట్టే లావాని పహోయ్‌హోయ్ అంటారు. గరుకుగా, కాళ్లు కోసుకుపోయేలా ముక్కలు ముక్కలుగా ఉండేదాన్ని 'ఆఆ' అంటారు. మన పిల్లలు పలకమీద దిద్దే మొదటి రెండక్షరాలే ప్రపంచ భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఓ రాతి పేరు! లావా చిమ్మినప్పుడు గాలికి సాగి పడే సన్నటి గాజుపోగులు 'పెలే జుట్టు', బొట్లుగా గడ్డకట్టినవి 'పెలే కన్నీళ్లు'. చూడ్డానికి బంగారు దారాల్లా మెరుస్తున్నాయి కదాని ఆ జుట్టు ముట్టుకుంటే వేళ్లలో గాజు గుచ్చుకుంటుంది.

ముప్ఫయ్యయిదేళ్ల ప్రవాహం

1983 జనవరి 3న కిలౌయా తూర్పు వాలులో భూమి చీలింది. పువు ఓఓ అనే కొత్త బిలంలోంచి లావా పొంగింది. అది ఏ వారానికో నెలకో ఆగిపోతుందనుకున్నారు. మధ్యమధ్య చిన్న చిన్న విరామాలు తప్ప 2018 దాకా ఆగలేదు. ముప్ఫయ్యయిదేళ్లు! అప్పుడు పుట్టిన పిల్లలు పెద్దవాళ్లై పెళ్లిళ్లు చేసుకున్నా లావా మాత్రం పారుతూనే ఉంది. 1990లో కలపన అనే తీరగ్రామాన్ని కప్పేసింది. నల్లటి ఇసుకతో పేరుపొందిన అక్కడి బీచీ కూడా రాతి కింద పడి కనుమరుగైంది. రాత్రిపూట సముద్రంలోకి జారే లావానీ, లేచే ఆవిరి మేఘాల్నీ చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చేవారు.

2018 మే 3న కథ మారింది. పార్కుకి తూర్పున ఉన్న లెయిలాని ఎస్టేట్స్ అనే కాలనీలో వీధుల మధ్యే భూమి చీలడం మొదలైంది. ఆ మర్నాడే 6.9 తీవ్రతతో భూకంపం. ఒకటీ రెండూ కాదు, మొత్తం 24 చీలికలు. ఎనిమిదో చీలికలోంచి పొంగిన లావా నదిలా సముద్రం దాకా పారింది. ఏడు వందలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. కపోహో అఖాతం పూడిపోయి నేలగా మారింది. అదృష్టవశాత్తూ ఒక్క ప్రాణమూ పోలేదు. లావా మెల్లగా నడిచొస్తుంది కాబట్టి మనుషులు తప్పించుకోగలిగారు. ఇళ్లకు కాళ్లు లేవు కదా!

ఆ రోజుల్లో కొంతమంది ఇళ్లు వదిలి వెళ్లేముందు గుమ్మం ముందు టీ అనే మొక్క ఆకులు పరిచి వెళ్లారు. ఇల్లు కాపాడమని మొక్కుకున్నవాళ్లు కొందరు. 'నీ నేల నువ్వు తీసుకుంటున్నావు తల్లీ, తీసుకో' అని దణ్ణం పెట్టినవాళ్లు కొందరు. ఇల్లు పోయిన బాధ అందరిదీ ఒకటే. దాన్ని ఓర్చుకునే తీరు మాత్రం ఆ నేలది. గోదావరి ఒడ్డున వరదకి ఇల్లు పోగొట్టుకుని కూడా ఆ నీళ్లకే పసుపూ కుంకుమా సమర్పించే మనవాళ్లకి ఈ భావం కొత్తేమీ కాదు.

కింద లావా బయటికి పోతున్నకొద్దీ పైన శిఖరం కూలింది. హలేమావుమావులో 2008 నుంచి పదేళ్లపాటు కళ్ల ముందే కుతకుత ఉడికిన లావా సరస్సు రోజుల వ్యవధిలో ఇంకిపోయింది. గుంట అడుగు మెట్లు మెట్లుగా కుంగింది. పార్కుని మే నెలలో మూసి, మళ్లీ సెప్టెంబరు 22న తెరిచారు. బిలం అంచునున్న జాగర్ మ్యూజియం, అగ్నిపర్వత పరిశీలన కేంద్రం భవనాలు పగుళ్లిచ్చి పనికిరాకుండా పోయాయి. థామస్ జాగర్ అనే శాస్త్రవేత్త 1912లో ప్రారంభించిన కేంద్రం అది. ఏ పర్వతాన్ని కాపలా కాయడానికి కట్టారో ఆ పర్వతమే ఆ భవనాల్ని కదిలించేసింది.

నీళ్లు వచ్చాయి... ఆవిరయ్యాయి

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 2019 జులైలో ఆ గుంట అడుగున నీళ్లు కనిపించాయి. నిప్పుల సరస్సు ఉన్నచోట నీటి సరస్సు! ఏడాదిన్నరలో అది పెద్ద చెరువంత అయింది. 2020 డిసెంబరు 20 రాత్రి లావా మళ్లీ పైకి తన్నుకొచ్చింది. చెరువు చెరువంతా కాసేపట్లో ఆవిరైపోయింది.

2022 నవంబరు 27న మౌనా లోవా వంతు వచ్చింది. 1984 తర్వాత 38 ఏళ్లు నిద్రపోయిన పెద్దన్న లేచాడు. రెండు వారాలు లావా కక్కాడు. ప్రవాహం దీవిని అడ్డంగా దాటే ముఖ్య రహదారికి మూడు కిలోమీటర్లలోపుకి వచ్చి ఆగింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరుగుతోందో 1958 నుంచి లెక్కగడుతున్న ప్రసిద్ధ పరిశోధనశాలకు దారినీ కరెంటునీ తెంచేసింది.

2024 డిసెంబరు 23న కిలౌయా కొత్త ఆట మొదలుపెట్టింది. కొన్ని గంటలు లావా ఫౌంటెన్‌లా ఎగజిమ్మడం, తర్వాత కొన్ని రోజులు కిమ్మనకుండా ఉండటం, మళ్లీ ఎగజిమ్మడం. 2025 అంతా ఇలాగే సాగింది. కొన్నిసార్లు ఫౌంటెన్ వెయ్యి అడుగుల ఎత్తు దాటింది. గాలి వాటాన్ని బట్టి బూడిదా గాజుపోగులూ పక్క ఊళ్ల ఇళ్ల కప్పుల మీదా, రోడ్ల మీదా పడ్డాయి. రేపో మాపో మొదలవుతుందని శాస్త్రవేత్తలు అంచనా చెప్పడం, జనం విమానం టికెట్లు మార్చుకుని రావడం, తీరా చూస్తే పెలే అలిగి కూర్చోవడం... ఇదో తంతు. వారం రోజులు పడిగాపులు కాసి ఖాళీగా వెళ్లినవాళ్లూ ఉన్నారు, దారినపోతూ ఆగి అద్భుతం చూసినవాళ్లూ ఉన్నారు.

ఆ ఆత్రంలో ప్రమాదం కూడా ఉంది. 2024 డిసెంబరు 25న, చీకట్లో లావా చూడటానికి వచ్చిన ఓ కుటుంబంలోని చిన్నపిల్లాడు పెద్దవాళ్ల చేతుల్లోంచి తప్పించుకుని నేరుగా బిలం అంచుకి పరిగెత్తాడు. అవతల నాలుగు వందల అడుగుల లోయ. తల్లి కేక పెట్టి ఒక్క అంగలో పట్టుకుంది. అప్పటికి అంచు అడుగు దూరంలో ఉంది. వాళ్లు నిలబడింది వెళ్లకూడదని మూసేసిన చోట. దాంతో పార్కు అధికారులు సందర్శకులకు మళ్లీ హెచ్చరిక జారీచేయాల్సి వచ్చింది. అందరి కళ్లూ మంటమీదే ఉన్నప్పుడు కాళ్ల దగ్గర ఏముందో ఎవరూ చూడరు.

మంట లేకపోయినా...

లావా కనిపించకపోతే ప్రయాణం దండగేనా? కానేకాదు. కిలౌయా ఇకీ అనే చిన్న బిలం అడుగున నడిచే దారి ఉంది. 1959లో ఇక్కడ లావా 1900 అడుగుల ఎత్తుకి చిమ్మింది. 36 రోజుల్లో బిలం అడుగు లావా సరస్సైంది. అది లోపలిదాకా గట్టిపడటానికి మూడు దశాబ్దాలకు పైనే పట్టింది. ఇప్పుడా నల్లటి గచ్చుమీద జనం చీమల్లా కనిపిస్తారు. అక్కడక్కడా పగుళ్లలోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. ఆ పగుళ్లలోనే ఎర్రటి పూల మొక్క తల ఎత్తుతుంది. పేరు ఓహియా లెహువా.

దానికో కథ ఉంది. ఓహియా అనే యువకుణ్ని చూసి పెలే మనసుపడిందట. అతను లెహువా అనే అమ్మాయిని ప్రేమించానన్నాడు. కోపంతో పెలే అతన్ని వంకర చెట్టుగా మార్చేసింది. లెహువా ఏడుపు చూసి జాలిపడిన దేవతలు ఆమెని అదే చెట్టుకి పువ్వుగా పూయించారు. ఆ పువ్వు కోస్తే వాన పడుతుందంటారు. విడిపోయిన జంట కన్నీళ్లట! కొత్త లావామీద మొదట వేళ్లూనే చెట్లలో ఇదొకటి. అలాంటి చెట్టుకి కొన్నేళ్లుగా ఓ శిలీంధ్రం చావు తెచ్చిపెడుతోంది. అందుకే కాలిబాటల మొదట్లో బ్రష్షులు పెట్టారు. బూట్లకున్న మట్టి దులుపుకున్నాకే అడవిలోకి అడుగుపెట్టాలి.

దారిలో ఓ బాతు అడ్డొస్తుంది. దాని పేరు నేనే! 'ఎవరక్కడ' అంటే 'నేనే' అన్నట్టుంటుంది తెలుగువాళ్లకి. నిజానికి దాని అరుపే దానికి పేరైంది. హవాయి రాష్ట్రపక్షి ఇది. 1950 ప్రాంతంలో అడవిలో ముప్ఫైకి మించి లేవు. పెంచి, అడవిలో వదిలి, కాపాడుకుంటూ వస్తే మూడువేలు దాటాయి. అందుకే రోడ్డుమీద ఈ పక్షి కనిపిస్తే కార్లన్నీ ఆగుతాయి.

నాహుకు అనే లావా సొరంగం మరో వింత. పైన పారే లావా గాలికి గట్టిపడి పైకప్పు అవుతుంది. లోపలిది పారిపోతే గొట్టం మిగులుతుంది. అయిదు వందల ఏళ్లనాటి ఈ గొట్టంలో మనుషులు హాయిగా నిలబడి నడవచ్చు.

బొడ్డుతాడు దాచిన బండ

పార్కు నుంచి సముద్రం దాకా ముప్ఫై కిలోమీటర్ల రోడ్డు ఉంది. చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు దాని పేరు. మూడున్నర వేల అడుగులకు పైగా దిగి, సముద్రపు అలలు తొలిచిన హోలెయ్ రాతి తోరణం దగ్గర ఆగిపోతుంది. ఒకప్పుడు రోడ్డు ఇంకా ముందుకి వెళ్లేది. లావా మింగేసింది.

ఆ దారిలో పువులోవా అనే చోట కారు ఆపి కాసేపు నడవాలి. నల్లటి బండల మీద 23 వేలకు పైగా చెక్కిన బొమ్మలు, గుంటలు, గీతలు. వాటిలో గుండ్రటి చిన్న గుంటలే ఎక్కువ. పూర్వం బిడ్డ పుడితే తల్లిదండ్రులు ఇంత దూరం నడిచొచ్చి, బండలో చిన్న గుంట తొలిచి, రాలిన బొడ్డుతాడుని అందులో దాచేవారు. పువులోవా అంటే దీర్ఘాయువు కొండ అని అర్థం. ఏ క్షణాన కరిగి పారుతుందో తెలియని నేలమీదే బిడ్డకి నూరేళ్లు ఇమ్మని మొక్కారు. ఈ పార్కులో అన్నిటికన్నా ఎక్కువసేపు గుర్తుండేది బహుశా ఈ బండలే.

రాళ్లు వెనక్కి వస్తున్నాయి

పార్కు అధికారులకి తరచూ పార్సిళ్లు వస్తుంటాయి. విప్పితే లావా రాళ్లు! పక్కనే క్షమాపణ ఉత్తరం. సరదాగా రాయి జేబులో వేసుకెళ్లినవాళ్లకి తర్వాత ఉద్యోగం పోయిందనో, ఆరోగ్యం పాడైందనో, అది పెలే శాపమనో భయం. రాయి తీసుకెళ్తే శాపం తగులుతుందన్న మాట హవాయి పాత సంప్రదాయంలో లేదంటారు. అయితే రాయి తీయడం అమ్మవారి ఇంట్లో వస్తువు తీయడమేనన్న నమ్మకం మాత్రం ఉంది. జాతీయ పార్కు నుంచి రాయి తీసుకెళ్లడం చట్టప్రకారం నేరం కూడా.

నిజానికి లావా రాయి కోసం మనవాళ్లు అంత దూరం వెళ్లి తప్పు చేయక్కర్లేదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమిమీద ఇంతకంటే ఎన్నో రెట్లు లావా పొంగింది. ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లోని నల్లరాయి అదే. పత్తి పండే మన రేగడి నేలల్లో చాలా భాగం ఆ రాయి అరిగి ఏర్పడినదే. రాజమండ్రి దగ్గర గోదావరికి ఇవతల కాతేరు, అవతల పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కనిపించే నల్లరాయి కూడా ఆ లావాదే. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఇంటి శ్లాబులో వేసే కంకరకీ, కిలౌయా బిలంలో ఎగజిమ్మే నిప్పుకీ దూరపు చుట్టరికం ఉందన్నమాట. తేడా ఒక్కటే. మన నేల ఎప్పుడో చల్లారింది. అక్కడి నేల ఇంకా పుడుతోంది. పుట్టే చోట పురిటిల్లు ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అంత జాగ్రత్తగా చూడమన్నదే హవాయి వాసుల విన్నపం.

వెళ్లాలంటే...

హొనొలులు నుంచి హిలోకి విమానంలో గంటలోపు ప్రయాణం. అక్కడి నుంచి కారులో పార్కుకి ముప్పావు గంట. కోనా విమానాశ్రయంలో దిగితే రెండు గంటలకు పైనే పడుతుంది. పార్కు ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. లావా చూడాలంటే తెల్లవారకముందే వెళ్లడం మేలు. బయల్దేరేముందు జాతీయ పార్కు, అమెరికా భూగర్భ సర్వే వెబ్‌సైట్లలో ఆరోజు పరిస్థితి చూసుకోవాలి. చలికోటు, వానకోటు, టార్చిలైటు, గట్టి బూట్లు, తాగునీళ్లు తప్పనిసరి. ఆస్తమా, గుండెజబ్బులు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలకు గంధకపు పొగలతో ఇబ్బంది. చిన్నపిల్లలుంటే ఫొటో సంగతి తర్వాత, ముందు వాళ్ల చెయ్యి గట్టిగా పట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు జేబులు ఖాళీగా ఉంటే చాలు.